వోల్టేజన్న వద్దన్న లైసెన్సు

"ఆ బోర్డు ఎడమవైపుకి కాస్త వాలినట్టు లేదూ? నాకొక్కడికే కనబడుతోందా, మీకూ కనబడుతోందా? చూడు బాబాయ్, నువ్వు టైలరువి, కొలత తెలిసినవాడివి, నువ్వు చెప్పు."

టైలర్ బాబాయ్ కళ్ళజోడు పైకి తోసుకుని టీ కొట్టు బెంచీ మీంచే రోడ్డు అవతలికి చూశాడు. కొత్త షట్టరు, అద్దాల తలుపు, పైన నీలం బోర్డు. దాని మీద తెల్ల అక్షరాలు: లైసెన్సు పొందిన ఎలక్ట్రికల్ కాంట్రాక్టర్.

"తిన్నగానే ఉంది" అన్నాడు బాబాయ్.

"తిన్నగా ఉందట! నీ కళ్ళజోడు మార్పించు ముందు." వోల్టేజన్న స్టూలు తిప్పుకుని బోర్డుకి వీపు పెట్టి కూర్చున్నాడు.

ఆ బోర్డు ఆయన తోడల్లుడిది. ఇద్దరూ ఒకే ఇంటి అల్లుళ్ళు, అందుకని వీధిలో అతన్ని చిన్నల్లుడు అంటారు. ఈయన్ని మాత్రం పెద్దల్లుడు అని ఎవరూ అనరు, వోల్టేజన్న అంటారు. పన్నెండేళ్ళ కింద చిన్నల్లుడికి టెస్టరు పట్టుకోవడం నేర్పింది ఈయనే. రెండు నెలల కింద ఆ బోర్డు లేచింది. అప్పట్నుంచి ఈయన ఏ టీ తాగినా చేదుగానే ఉంటోంది.

"అన్నా, పొద్దున్నుంచి ఈ ఫ్రిజ్ ప్లగ్గు దగ్గర చిటచిటమంటోంది. ఓసారి చూడవా?" అంది టీ అక్క.

"చూస్తాలే చెల్లెమ్మా. చిటచిట నాకు వినబడుతూనే ఉంది."

"పోనీ వచ్చాక చూద్దువుగానీ. మూడింటికి కదూ నీ పరీక్ష? ఒంటిగంట దాటింది. ఇక్కణ్ణించి ముప్పావుగంట దారి."

బెంచీ మీద అందరూ గ్లాసుల్లోకి చూసుకున్నారు. ఆ పరీక్ష సంగతి వీధిలో తెలియనివాళ్ళు లేరు. సూపర్‌వైజర్ పర్మిట్ పరీక్ష. అది గట్టెక్కితేనే కాంట్రాక్టర్ లైసెన్సుకి దరఖాస్తు పెట్టుకోవచ్చు. రాత పరీక్ష ఆయన మొదటిసారే పాసయ్యాడు. చేత్తో చేసి చూపించే పరీక్ష రెండుసార్లు పోయింది. ఇది మూడోసారి, ఇదీ పోతే మళ్ళీ ఐదేళ్ళ దాకా కూర్చోనివ్వరు. ఆయనకి యాభై రెండు నిండాయి.

"పరీక్షా? నాకా?" వోల్టేజన్న ఇస్త్రీ చొక్కా జేబు మీద అరచెయ్యి వేసి అక్కడున్న హాల్ టికెట్ కనబడకుండా చేశాడు. "నేను వెళ్తున్నది వాళ్ళు పదేపదే రమ్మంటున్నారని. మర్యాద కోసం వెళ్తున్నాను. అసలు మొదటిసారి అక్కడేం జరిగిందో మీలో ఒక్కడికైనా తెలుసా? ఆ చిన్నల్లుడు బస్సు దిగుతూనే 'అన్నయ్య తప్పాడు' అని ఒక్క ముక్క చెప్పాడు, మీరు నమ్మి కూర్చున్నారు. నేను తప్పలేదు నాయనా. వాళ్ళు ఇస్తామన్నారు, నేను వద్దన్నాను."

"వద్దన్నావా?" అన్నాడు బెంచీ చివర కూర్చున్న ప్లంబరు.

"చెప్తాను విను, మధ్యలో నోరు పెట్టకు. నాకసలు లైసెన్సు మీద ధ్యాసే లేదు. మా ఆవిడే. అన్నం వడ్డిస్తూ ఒకసారి, నేను చెయ్యి కడుక్కుంటుంటే ఒకసారి, పక్క వేస్తూ ఒకసారి, 'మా మరిది దరఖాస్తు పెడుతున్నాడట, మీరూ పెట్టకూడదూ' అని ఒకటే నస. మరిది, మరిది! ఆ మరిదికి ఫ్యూజు కట్టడం నేర్పిన మొగుడు ఇంట్లో ఉన్నాడని గుర్తుండదు. సరే, ఒక ఫారం తెచ్చి ఆవిడ చేతిలో పడేస్తే గొడవ వదులుతుందని వెళ్ళాను. అంతే, ఫారం కోసం వెళ్ళాను. లోపల అడుగు పెట్టానో లేదో పైన ఫ్యాను టకటకమంటోంది. గుమస్తా పాపం కాగితాలు ఎగిరిపోకుండా మోచేత్తో నొక్కి రాసుకుంటున్నాడు. నేను తలెత్తి చూడనైనా లేదు. చెవితో విని, 'ఫ్యాను కడ్డీకి పైనున్న గిన్నె వదులైంది బాబూ, అర చుట్టు బిగించు చాలు' అన్నాను. స్టూలెక్కి బిగించాడు. ఫ్యాను గప్‌చుప్."

"అది నిజమే అయుంటుంది" అన్నాడు ప్లంబరు. "ఫ్యాన్ల సంగతి నీకు బాగా తెలుసు."

"అయుంటుందేమిట్రా, అయింది! ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆ గుమస్తా లేచి నిలబడి, 'ఏం చదివారండీ?' అన్నాడు. తొమ్మిది దాకా అన్నాను. 'అయ్యో, పది పాసై ఉండాలే' అన్నాడు మొహం చిన్నబుచ్చుకుని. నేనన్నాను, 'బాబూ, నేను పదో తరగతి చదవలేదు, నిజమే, కానీ మా బడిలో పదో తరగతి గదికి వైరింగు చేసింది నేనే. ఇరవై ఏళ్ళుగా ఆ గదిలో పాసైన పిల్లలందరూ నేను పెట్టిన లైటు కిందే చదివారు, వాళ్ళ చదువులో తలా కొంచెం నాది కాదా?' అన్నాను. అతను లోపలికెళ్ళి లావుపాటి రూల్సు పుస్తకం తిరగేసి, చెమటలు కక్కుతూ బయటికొచ్చి, 'అవునండీ, అలా లెక్కేస్తే మీకు నాలుగు డిగ్రీలు వస్తున్నాయి' అన్నాడు."

"నాలుగేనా?" అన్నాడు టైలర్ బాబాయ్.

"ఐదోది నేనే వద్దన్నాను, ఏం చేసుకోను? ఇంకా విను. 'చదువు సరిపోయిందండీ, అనుభవం మాత్రం చూపించాలి, ఎవరెవరి ఇళ్ళల్లో పని చేశారో వాళ్ళ సంతకాలు కావాలి' అన్నాడు. ఫారంలో అందుకోసం ఐదు గీతలు గీసి ఉన్నాయి. ఐదు! నేను ఒక్కణ్ణి కూడా అడగలేదు బాబాయ్, నామోషీ కదూ? ఎలా పాకిందో ఏమో కబురు, మర్నాడు పొద్దున్నే ఆఫీసు ముందు జనం. పదింటికి యాభై మంది, పదకొండింటికి మూడు వందలు, మధ్యాహ్నానికి వీధి చివర దాకా వరస. ఒకావిడ మిక్సీ చంకలో పెట్టుకొచ్చింది, 'ఈయన బాగుచేసిన దగ్గర్నుంచీ ఇది ఆగనంటోంది, ఇంతకంటే సాక్ష్యం కావాలా' అని. ఒక ముసలాయన గుమ్మం దగ్గరి కాలింగ్ బెల్లు పీక్కుని వచ్చాడు. గీతలు నిండాయి, ఫారాలు అయిపోయాయి, కాగితాలు అయిపోయాయి, చివరికి గోడకి తెల్లసున్నం కొట్టించి గోడ మీద సంతకాలు పెట్టించుకున్నారు. నాలుగు గోడలూ చాలక మేడ వేశారు."

"సంతకాల కోసం మేడా?"

"ఆ ఆఫీసుకి ఇప్పుడు పైన ఒక అంతస్తు ఉందా లేదా?"

"ఉంది" అన్నాడు ప్లంబరు.

"మరి! అదే చిన్నల్లుడికి ఎన్ని సంతకాలు? ఐదు గీతలకి ఐదు. అందులో రెండిళ్ళు నేను చేసినవే, వాడు నిచ్చెన పట్టుకున్నాడు. నిచ్చెన పట్టుకున్నవాడికి బోర్డు, ఎక్కినవాడికి బెంచీ. సరేలే, నాకెందుకు? వాడి కొత్త ఆఫీసు గదిలో తిరిగే కుర్చీ కూడా ఉందటగా? చూశారా మీరెవరైనా?"

"నేను చూశాను" అన్నాడు ప్లంబరు. "మెత్తగా ఉంది."

"కూర్చున్నావు కూడానా! నీకు టీ పోయించింది ఎవర్రా ఇవాళ?" అని వోల్టేజన్న కళ్ళెర్రజేశాడు. ఫ్రిజ్ వెనక చిటచిట కాస్త పెద్దదైంది. టీ అక్క అటు చూసి, గడియారం చూసి, నోరు తెరవబోయింది. ఆయన చెయ్యెత్తి ఆపాడు.

"ఒక్క నిమిషం చెల్లెమ్మా, ఇప్పుడే అసలు సంగతికి వచ్చాను. గుమస్తా వల్ల కాదని నన్ను పైఆఫీసరు దగ్గరికి తీసుకెళ్ళారు. ఆయన అన్నాడు, 'అన్నీ బాగున్నాయి మేస్త్రీ, సొంత పనిముట్లు ఉండాలి, మెగ్గర్ ఉందా?' మెగ్గర్ అంటే తెలుసుగా బాబాయ్, వైరు మీది తొడుగు ఎంత గట్టిగా ఉందో కొలిచి చెప్పే యంత్రం. చిన్నల్లుడు కొత్తది కొని దానికి తోలు సంచీ కూడా కుట్టించాడు."

"నేనే కుట్టాను" అన్నాడు బాబాయ్.

"నువ్వూనా! సరే. నేను నా కుడిచేతి చూపుడువేలు చూపించాను. ఆఫీసరు నవ్వాడు. 'నవ్వండి సార్, ముందు ఒక వైరు తెప్పించండి' అన్నాను. తెచ్చారు. వేలు ఆనించి కళ్ళు మూసుకుని, 'నూట నలభై రెండు' అన్నాను. వాళ్ళ మెగ్గర్ పెట్టి తిప్పితే నూట నలభై చూపించింది. అందరూ నా మొహం చూశారు. 'ఇంకోసారి తిప్పండి' అన్నాను, నింపాదిగా. ఏమైందో తెలుసా? మెగ్గర్ తప్పు! దాన్ని అప్పటికప్పుడు రిపేరుకి పంపించారు. అప్పట్నుంచీ ఆ ఆఫీసులో ఏ మెగ్గర్ మీద అనుమానం వచ్చినా నాకు ఫోను చేస్తారు, నేను ఫోనులోంచే వేలు పెట్టి చెప్తాను."

"ఫోనులోంచి వేలా?"

"వైర్లెస్సు అన్నమాట. నీకు పంపులు తప్ప ఏం తెలుసు? ఇక చేత్తో చేసి చూపించే పరీక్ష. ముగ్గురు, కుర్చీల్లో కాలు మీద కాలేసుకుని, చేతిలో పెన్నులు పెట్టుకుని కూర్చున్నారు. ఎదురుగా చెక్క బోర్డు, దాని మీద స్విచ్చి. పక్క టేబులు దగ్గర మన చిన్నల్లుడు చేతులు వణుకుతూ నిలబడ్డాడు. నేను ఇంకా చెయ్యి ముందుకి చాచలేదు, అంతలో బయట ఢామ్మని చప్పుడు. సబ్‌స్టేషన్! లైను తెగి రెండు ముక్కలై వేలాడుతోంది. ఊరంతా చీకటి."

"మధ్యాహ్నం పూట చీకటేమిటన్నా?" అంది టీ అక్క.

"మబ్బు పట్టింది లేమ్మా! ఆసుపత్రిలో ఒకాయనకి పొట్ట కోసి ఉంది, కుట్టాలి. లిఫ్టులో పెళ్ళిబృందం ఇరుక్కుంది. ఆ ముగ్గురూ పెన్నులు పారేసి నా కాళ్ళ దగ్గరికొచ్చారు. నేను చొక్కా చేతులు మడిచి, ఇటు ముక్క ఈ చేత్తో, అటు ముక్క ఈ చేత్తో పట్టుకుని నిలబడ్డాను. పదకొండు వేల వోల్టులు. ఈ చేత్తో లోపలికి, ఈ చేత్తో బయటికి. ఎంతసేపనుకున్నారు? నలభై నిమిషాలు!"

"పోయినసారి చెప్పినప్పుడు పది నిమిషాలన్నావు" అన్నాడు ప్లంబరు.

"అది ఎడమచేతి లెక్క. కుడిచెయ్యి వేరే! ఊరంతా దీపాలు వెలిగాయి, మామూలుగా కంటే ఒక పిసరు ఎక్కువే వెలిగాయి. మధ్యలో నాకు తుమ్మొచ్చింది, ఊరంతా ఒక్కసారి మినుక్కుమంది. నోరు తెరిస్తే వార్తలు వినబడుతున్నాయి, పళ్ళు బిగిస్తే పాటలు. ఆ దెబ్బకి నా జుట్టు నిలబడింది చూడండీ, ఇవాళ్టికీ దువ్వెన దిగదు."

"నీకు జుట్టే లేదు కదా నాయనా" అన్నాడు బాబాయ్.

"అందుకే దిగదంటున్నాను! చివరికి కరెంటుకే మొహం మొత్తింది. 'ఈయన్ని ఏం చెయ్యలేం' అని వోల్టేజి దానంతటదే దిగిపోయింది. నాకీ పేరు ఊరికే వచ్చిందనుకున్నారా? పొట్ట కుట్టేశారు, పెళ్ళిబృందం దిగింది, నేను చేతులు దులుపుకుని లోపలికొచ్చి కూర్చున్నాను. ఆ ముగ్గురూ నిలబడి చేతులు కట్టుకుని, 'అయ్యా, మిమ్మల్ని పరీక్షించే అర్హత మాకు లేదు, మీరే మాకు పరీక్ష పెట్టండి' అన్నారు. పెట్టాను. ఇద్దరు తప్పారు. మూడోవాడికి చిన్నపిల్లలున్నారని జాలిపడి పాస్ చేశాను. అప్పుడు ఆ పైఆఫీసరు వెండి పళ్ళెంలో లైసెన్సు పెట్టుకొచ్చాడు. నంబరు ఒకటి కాదు, సున్నా! నాకు ముందు ఇంకెవరూ ఉండకూడదని సున్నా వేయించారు. నేనేమన్నానో తెలుసా? 'సార్, నాకు లైసెన్సు ఇవ్వడానికి మీకు లైసెన్సు ఎవరిచ్చారు?' అన్నాను. గది గదంతా నిశ్శబ్దం. 'ఇదిగో, ఆ మూల వణుకుతున్నాడే, వాడు మా తోడల్లుడు, వాడికి ఇవ్వండి, బతుకుతాడు' అని చెప్పి వచ్చేశాను. ఆ బోర్డు ఉందే, అది నేను పడేసిన ముక్క."

ఎవరూ నవ్వలేదు. ఆ మాట అంటూ ఆయన వెనక్కి తిరిగి మరోసారి బోర్డు వైపు చూశాడు.

"అలాగైతే మరి ఇవాళ ఎందుకు వెళ్తున్నావన్నా?" అంది టీ అక్క నెమ్మదిగా.

"ఇవాళా? ఇవాళ ఏమిటంటే, వాళ్ళు..."

అంతలో ఫ్రిజ్ వెనక ఫట్‌మని పేలింది. నీలంగా మెరిసి, గుప్పున పొగ వచ్చింది, రబ్బరు కాలిన వాసన.

"ఎవరూ చెయ్యి పెట్టకండి!" వోల్టేజన్న స్టూలు తన్నుకుంటూ లేచాడు. "చెల్లెమ్మా, తడిచేత్తో అటు వెళ్ళకు, వెనక్కి రా! ప్లంబరూ, తలుపు వెనక మెయిన్ ఉంది, దించు. దించావా? దించానని గట్టిగా చెప్పు. దాని దగ్గరే నిలబడు, నేను చెప్పేదాకా ఎవర్నీ ముట్టుకోనివ్వకు."

అది వేరే గొంతు. అందులో కోతలు లేవు. ఆయన జేబులోంచి టెస్టరు తీసి, ముందు పక్కనే ఉన్న బాబాయ్ కొట్టుకి వెళ్ళి అక్కడి ప్లగ్గులో పెట్టి చూశాడు. టెస్టరు వెలిగింది, పనిచేస్తోందన్నమాట. తర్వాత వచ్చి ఫ్రిజ్ ప్లగ్గు మూడు కన్నాల్లోనూ పెట్టాడు, వెలగలేదు. మళ్ళీ బాబాయ్ కొట్టుకి వెళ్ళాడు, మధ్యలో టెస్టరు చచ్చిపోలేదని చూసుకోవడానికి. వెలిగింది. అప్పుడు చెక్క స్టూలు లాక్కుని, దాని మీద నిలబడి, ప్లగ్గు బోర్డు విప్పాడు. నల్లబడిన కొస కత్తిరించి, కొత్త కొస గీకి, బిగించి, లాగి చూసి, మళ్ళీ బిగించాడు. పది నిమిషాల పాటు ఆయన నోట్లోంచి ఒక్క మాట రాలేదు. ఆ వీధిలో అలాంటి పది నిమిషాలు అంతకుముందు ఎవరూ ఎరగరు.

పొగ చూసి రోడ్డు దాటి వచ్చిన చిన్నల్లుడు హెల్మెట్ చేత్తో పట్టుకుని ఒక పక్కగా నిలబడ్డాడు. "మెయిన్ ఎత్తు" అని వోల్టేజన్న అనేదాకా కదల్లేదు.

ఫ్రిజ్ గుర్రుమంది. ప్లంబరు గొంతు సవరించుకున్నాడు.

"అన్నా, చిన్న సందేహం. పదకొండు వేల వోల్టులు నలభై నిమిషాలు రెండు చేతుల్తో పట్టుకున్నవాడివి, ఒక్క ఫ్రిజ్ ప్లగ్గుకి మెయిన్ ఎందుకు దించమన్నావు?"

బెంచీ బెంచీ అంతా పగలబడి నవ్వింది. బాబాయ్ కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకున్నాడు. వోల్టేజన్న స్టూలు దిగి, టెస్టరు తుడిచి జేబులో పెట్టుకున్నాడు. తలెత్తలేదు.

"నవ్వింది చాలు" అంది టీ అక్క. "అన్నా, వదిన నాకు చెప్పింది. రెండుసార్లూ ఆ ముగ్గురి ముందు నువ్వు మెయిన్ దించలేదట. టెస్టరు తియ్యలేదట. 'ముప్పై ఏళ్ళుగా చేస్తున్నా, చూస్తేనే తెలుస్తుంది' అని చెయ్యి పెట్టేశావట. కెవ్వుమన్నావట కూడా."

"కెవ్వుమనలేదు. ఆఁ అన్నాను."

"మా కొట్లో ఇంత పద్ధతిగా చేసినవాడివి, అక్కడెందుకన్నా అలా?"

వోల్టేజన్న చిన్నల్లుడి వైపు చూశాడు, మళ్ళీ చూపు తిప్పుకున్నాడు. "పక్క టేబులు దగ్గర వీడున్నాడు. నేను నేర్పినట్టే చేస్తున్నాడు. ముందు వెలిగేదాంట్లో, తర్వాత ఆరిపోయినదాంట్లో, మళ్ళీ వెలిగేదాంట్లో. ఒక్క అడుగు తప్పలేదు. ఆ ముగ్గురూ వీణ్ణి చూసి తల ఊపుతున్నారు. నేనూ అదే చేస్తే వీడికీ నాకూ తేడా ఏముంది అనిపించింది. ఇంకేదో చూపించాలనిపించింది. కడుపు మండింది చెల్లెమ్మా. మండదా? రెండోసారి వీడు పక్కన లేడు గానీ, ఉన్నట్టే ఉంది. ఇప్పుడేమో పొద్దున్న లేస్తే ఆ బోర్డు. వంకరగా ఉంటే బాగుండునని రోజూ చూస్తున్నాను, చచ్చినా వంకరగా ఉండదు."

చిన్నల్లుడు ఒకడుగు ముందుకేశాడు.

"ఆ మేకులు నువ్వు నేర్పినట్టే రసమట్టం పెట్టి కొట్టానన్నయ్యా" అన్నాడు చిన్నల్లుడు. "అందుకే వంకర రాలేదు. రా, బండి తెచ్చాను. ఇంకా టైముంది."

"వెళ్ళన్నా" అంది టీ అక్క. "ఆ ముగ్గుర్నీ మనుషులనుకోకు, మా ఫ్రిజ్ అనుకో. ఇప్పుడెలా చేశావో అలాగే చేసిరా."

వోల్టేజన్న కుళాయి దగ్గర చేతులు కడుక్కున్నాడు. మొహం కడుక్కున్నాడు. చొక్కా మీద మసి అంటిందేమోనని చూసుకున్నాడు. రోడ్డు మీదికొచ్చేసరికి మెడ మళ్ళీ నిటారుగా నిలబడింది. చిన్నల్లుడి చేతిలో తాళంచెవి లాక్కున్నాడు.

"నీ వెనక కూర్చుని నేను పరీక్షకి రానురా. నువ్వు వెనక కూర్చో, నేను నడుపుతా. నేను బండెక్కితే ఎలా ఉంటుందో వీళ్ళకి తెలీదు. ఒకసారి ఏమైందో తెలుసా ప్లంబరూ? ఇదే దారి, ఈ ముప్పావుగంట దారి, నేను నాలుగంటే నాలుగే నిమిషాల్లో..."

"అన్నా" అంది టీ అక్క కొట్లోంచే. "దానికైనా లైసెన్సు ఉందా?"

వోల్టేజన్న బండి వైపు చూశాడు, తోడల్లుడి వైపు చూశాడు. తర్వాత తాళంచెవి చిన్నల్లుడి చేతిలో పెట్టి, ఇస్త్రీ నలగకుండా చొక్కా సర్దుకుని, వెనక సీట్లో ఎక్కి కూర్చున్నాడు.